గడప బయటి గోధుమలు

మా ఇంట్లో పొట్లకాయ వండేవారు కాదు. రుచి నచ్చక కాదు. ఎప్పుడో పొట్లకాయ కూర పొయ్యి మీద ఉడుకుతుండగా ఎద్దు ఒకటి బావిలో పడి చచ్చిపోయిందట. ఆనాటి నుంచి పొట్లకాయ మాకు అచ్చిరాదు. పక్కింటివాళ్లకు గుమ్మడి వడియాలు అచ్చిరావు. ఎదురింటివాళ్లకు నువ్వుల ఉండలు అచ్చిరావు. ఊళ్లో ప్రతి ఇంటికీ ఇలాంటిదొకటి ఉండేది. ఏ ఇంట్లో ఏది వండరో, ఎందుకు వండరో తెలుసుకోవడం చిన్నప్పుడు నాకు మహా సరదా. ఎవరింటికి పోయినా ముందు అదే అడిగేదాన్ని. ఇంటికొచ్చాక అమ్మ తొడపాశం పెట్టేది.

ఇంట్లోకి ఏ కొత్త వంటకం వచ్చినా మా అవ్వ, అంటే నాయిన వాళ్లమ్మ, కొన్నాళ్లు దాన్ని అనుమానంగానే చూసేది. మొదటిసారి టమాటాలు వండిన మర్నాడు నాకు జ్వరం వచ్చింది. ఆ నేరం టమాటా నెత్తిన పడబోయింది. అమ్మ నా పక్కబట్టల కింద నుంచి మామిడి టెంకలు తీసి చూపించబట్టి టమాటా బతికిపోయింది.

గోధుమలు మాత్రం మొదటి నుంచీ ఆ అచ్చిరానివాటిలోనే ఉన్నాయి. అది నాకు విచిత్రంగా ఉండేది. మాది కోస్గి పక్కన వాన మీద బతికే ఊరు. పగలు జొన్న రొట్టె, రాత్రి నూకలు ఉడికించిన జొన్న గటక, ఎండాకాలం జొన్న అంబలి. బియ్యం అంటే పండుగ. ఇక గోధుమల మొహం చూసినవాళ్లే తక్కువ. ఊళ్లో మాలాంటివాళ్లెవరూ వండని గోధుమలు మా ఒక్క ఇంటికే అచ్చిరాకపోవడం ఏమిటి? అవ్వను అడిగితే విననట్టు లేచిపోయేది. అమ్మనడిగితే ఒక్క ముక్క చెప్పింది. నాయిన ఉయ్యాలలో ఉన్నప్పుడు ఆయనకు ఒక అక్క ఉండేదట. ఇంట్లో గోధుమలు వండిన నాడే ఆ పిల్ల పోయిందట. అంతకుమించి అమ్మకూ తెలియదు.

అరవైలలో ఒక ఏడు వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి. జొన్న చేలు మోకాలెత్తు కూడా లేవకుండా ఎండిపోయాయి. ఎండాకాలం వచ్చేసరికి ఇంట్లో ఒక చిన్న కుండెడు జొన్నలు మిగిలాయి. అవి కాక అటక మీద విత్తనాల కుండ ఉంది. లోపల వేపాకు, బూడిద కలిపి, మూతికి పేడ మెత్తిన కుండ అది. దాని వైపు చూడటం కూడా తప్పన్నట్టు ఉండేవాళ్లం. అప్పుడు కంట్రోలు దుకాణంలో గోధుమలు ఇవ్వడం మొదలుపెట్టారు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చాయన్నారు. ఎర్రగా, లావుగా ఉన్నాయి. నాయిన సంచి భుజాన వేసుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రావడానికి ధైర్యం చాలలేదు.

అవ్వ గడప మీద కూర్చుని ఉంది. సంచి వైపు చూసింది, మా తమ్ముడి వైపు, నా వైపు చూసింది.

“పిల్లలకు పెట్టొద్దని నేనన. గని గవి గడప దాటొద్దు” అంది. “నా పొయ్యి మీద ఎక్కొద్దు. నా ఇసుర్రాయిల పడొద్దు. నాకు పెట్టొద్దు.”

“మరి నువ్వేం తింటవమ్మా?” అన్నాడు నాయిన.

“నా జొన్నలు నాకున్నయి గద. నా ఫికర్ నీకెందుకు?”

అలా గోధుమ సంచి దొడ్లో పశువుల కొట్టంలోకి పోయింది. దాని పక్కనే మూడు రాళ్లతో కొత్త పొయ్యి వెలిసింది. పిండి విసురుకోవడానికి వెనక ఇంటి ఖాలమ్మ తన ఇసుర్రాయి అరువిచ్చింది. పొద్దు గుంకే వేళకు మేం నలుగురం కొట్టం ముందు పొయ్యి చుట్టూ చేరేవాళ్లం. అవ్వ పెరటి గడపకు లోపలి వైపు కూర్చుని అంబలి తాగుతూ మమ్మల్నే చూస్తుండేది. నిజం చెప్పాలంటే నాకు ఆ ఏర్పాటు బాగా నచ్చింది. కరువు మాకు ప్రతి రాత్రీ కొత్త వంట తెచ్చింది. రేపు ఏం వండుతారన్న ఆలోచనతోనే నేను బడిలో ఎక్కాలు తప్పేదాన్ని.

అమ్మ చేతికి తెలిసింది జొన్న రొట్టె. పిండిలో మసిలే నీళ్లు పోసి, మెదిపి, పళ్లెంలో తిప్పుతూ అరచేత్తో తడితే ఆమె చేతికింద రొట్టె చంద్రుడంత గుండ్రంగా సాగేది. గోధుమ పిండినీ అలాగే చేసింది. మసిలే నీళ్లు పోసింది, తట్టడం మొదలుపెట్టింది. పిండి సాగినట్టే సాగి, చెయ్యి తీయగానే వెనక్కి ముడుచుకుంది. అమ్మ పట్టుదల మనిషి. అది ముడుచుకున్న కొద్దీ ఆమె తట్టింది. చివరికి అరచేతి మందాన ఒకటి పెనం మీద పడింది. పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది. తమ్ముడూ నేనూ చెరోవైపు పట్టుకుని లాగితే తెగలేదు.

“దీంతోని కాడి కట్టొచ్చు” అన్నాడు నాయిన నములుతూ. ఆయన మాత్రం మొత్తం తిన్నాడు.

“రేపు నువ్వే తట్టు, చూస్త” అంది అమ్మ.

మర్నాడు గటక చేసింది. జొన్నలకైతే ఎంత నీళ్లు పోయాలో ఆమె కళ్లకు తెలుసు. గోధుమలకు తెలియదు. అది గటక కాలేదు, బంకైంది. తమ్ముడు తన చినిగిన పుస్తకం అట్ట దాంతో అంటించుకున్నాడు. ఆ అట్ట మళ్లీ ఊడిందని నేను చూడలేదు. ఇంకోనాడు గోధుమలు నానబెట్టి, ఉడకబెట్టి, ఉప్పూ కారం చల్లి గుడాలు చేసింది. అవి బాగున్నాయి గానీ నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టాయి. నాయిన ఒక్కో గింజనూ ఎంతసేపు నమిలాడంటే, అమ్మ నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగింది.

ఈ తతంగమంతా గోడ మీద నుంచి చూస్తున్న ఖాలమ్మ ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక వచ్చేసింది.

“వేడి నీళ్లు ఎవరు పొయ్యమన్నరు నీకు? ఠండా పానీ పొయ్యాలె బహెన్. పిసికి జర సేపు ఊకె ఇడిచిపెట్టాలె” అంది.

“ఊకె పెడితే ఏమైతది?” అని అడిగాను నేను.

“పిండి నీ లెక్క మొండిది బేటీ. జరంత నిద్ర పోతే మాట వింటది.”

అప్పడాల కర్ర ఇంట్లో లేకపోతే నూనె సీసా కడిగి దాంతో ఒత్తింది. మమ్మల్నీ ఒత్తనిచ్చింది. నా చపాతీ బడి గోడకు వేలాడే దేశపటంలా వచ్చింది. అయినా అది పెనం మీద పొంగింది. రొట్టె లోపల గాలి నిండి లేవడం మేం అప్పుడే చూశాం. జొన్న రొట్టె కూడా పొంగుతుంది గానీ ఇంత పొగరుగా పొంగదు. ఆ రాత్రి నాయిన చింతపండు పచ్చిపులుసులో ముంచుకుని ఎన్ని తిన్నాడో అమ్మ లెక్క చూసుకోలేదు. ఆ ధైర్యంతో అమ్మ తర్వాత తనకు తానే సర్వపిండి కూడా చేసింది. బియ్యప్పిండికి బదులు గోధుమ పిండి, పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి గంజు గిన్నె లోపల ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి కాల్చింది. గంజు అడుగున కరకరలాడిన ముక్క కోసం తమ్ముడికీ నాకూ పెద్ద పేచీ పడింది.

ఒకనాడు అమ్మ గోధుమ నూకలు కడిగి నేరుగా ఎసట్లో పోయబోతుంటే, గడప లోపలి నుంచి అవ్వ, “గట్ల పొయ్యకు. ముందు పొడిగ వేయించు, లేకుంటె ముద్దయితది” అంది.

అమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది. “నీకెట్ల తెలుసత్తా?”

అవ్వ తన గిన్నె తీసుకుని లోపలికి పోయింది. వేయించాక నూకలు పొడిపొడిగా ఉడికాయి. నేను ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. గోధుమలు తినని మనిషికి వాటి గుట్టు ఎలా తెలుసు?

మేం కొత్త రుచులు కనిపెడుతున్న ఆ రోజుల్లోనే అవ్వ చిక్కిపోయింది. ముందు నాకు తెలియలేదు. కుండలో జొన్నలు తగ్గిన కొద్దీ ఆమె అంబలి పలచబడుతూ వచ్చింది. చివరికి గిన్నె అడుగు కనిపించేంత పలచనైంది. నాయిన ఊళ్లో ఎక్కడో పిడికెడు జొన్నలు అడిగి తెస్తే, “వాండ్లింట్ల ఉన్నయా? ఇచ్చిరాపో” అని తిప్పి పంపింది. అమ్మ బతిమాలింది. తమ్ముడు చపాతీ ముక్క ఆమె నోటి దాకా తీసుకుపోతే చెయ్యి పట్టుకుని వాడికే తినిపించింది. ఆమెకు కోపం లేదు, పంతం కూడా లేదు. భయం. అది మాకు తెలుసు కాబట్టి ఎవరూ గట్టిగా అనలేకపోయేవాళ్లం.

దారి అమ్మే కనిపెట్టింది. మా వైపు ఒక ఆచారం ఉంది. చావు వల్ల ఇంట్లో ఒక పండుగ విడిచిపెడితే, మళ్లీ ఎప్పుడైనా అదే పండుగనాడు ఇంట్లో బిడ్డ పుట్టినా, ఆవు ఈనినా ఆ పండుగ తిరిగి పట్టుకోవచ్చు. తిండికీ అంతే. మా ఆవు అప్పుడు నిండు చూలుతో ఉంది. ఎప్పుడు ఈనుతుందో తెలియదు.

“అత్తా, ఆవు ఈనిన నాడు గోధుమలు పొయ్యి మీద ఉంటె, అచ్చినట్టే గద?” అంది అమ్మ.

అవ్వ ఆవు వైపు చూసింది. “వండేది బయటనాయె” అంది.

“ఆవు గుడ బయటనే ఈనుతది గద. గదే కొట్టం, గదే పొయ్యి.”

అవ్వ తల ఊపింది. “సరే. చూద్దాం తియ్యి” అంది. ఆమె గొంతులో ఆశ వినబడింది నాకు.

ఇక అప్పటి నుంచి ఒక్క పూట కూడా గోధుమలు మానకూడదని అమ్మ పట్టుబట్టింది. రోజూ అదే తింటే మాకు మొహం మొత్తుతుందని రోజుకో రకం చేసేది. కలిపి చూడనిది లేదు. చింతచిగురు వేసింది, పుంటికూర వేసింది, పెసరపప్పు వేసింది, మజ్జిగలో నానబెట్టి అట్లు పోసింది. నాయిన కూడా ఒకరోజు నడుం కట్టి ఉల్లిగడ్డ కారంతో ఉండలు చేసి నిప్పుల్లో కాల్చాడు. అవి గోడకు కొడితే గోడ పెచ్చు ఊడేలా ఉన్నాయి. నేనూ తమ్ముడూ బడి నుంచి రాగానే ముందు ఆవు వెనక్కి పోయి చూసేవాళ్లం, తర్వాత కుండలో చూసేవాళ్లం. అవ్వ గడప లోపల కూర్చుని ఆవునే చూసేది. ఆవు మాత్రం తీరిగ్గా నెమరేసేది.

అలాంటి రోజుల్లో ఊళ్లో ఒక పెండ్లి వచ్చింది. ఇంటిల్లిపాదినీ భోజనానికి పిలిచారు. కరువులో పిలుపు అంటే మాటలు కాదు. అందరం పోయాం. అవ్వ కూడా వచ్చింది, చాలా రోజుల తర్వాత ఆమె కడుపునిండా అన్నం తినడం చూశాను. పొద్దు గుంకక ముందే ఇంటికొచ్చేసరికి కొట్టంలో దూడ నిలబడి ఉంది. కాళ్లు వణుకుతున్నాయి. ఆవు దాన్ని నాకుతోంది.

అమ్మ పొయ్యి వైపు చూసింది. ఆ రోజు దాన్ని వెలిగించనే లేదు. చల్లటి బూడిద ఉంది, అంతే.

“ఇప్పుడే వండుత. పొద్దు గుంకలే గద” అంది, అప్పటికే కట్టెలు అందుకుంటూ.

“పుట్టినంక వండితే లెక్కకు రాదు పిల్లా” అంది అవ్వ. ఆమె మాటలో కాఠిన్యం లేదు. దూడ దగ్గర కూర్చుని దాని చెవులు తుడిచింది. అమ్మ కట్టెలు కింద పడేసి ఏడ్చింది. మా అమ్మ ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను. నాకూ ఏడుపొచ్చింది, ఆ ఆవు మీద పట్టరాని కోపమూ వచ్చింది.

మేత లేని ఏడు కాబట్టి ఆవు ఇచ్చిన చుక్క పాలు దూడకే చాలలేదు. కొన్నాళ్లకు అవ్వ జొన్నల కుండ ఖాళీ అయింది. ఆ మర్నాడు ఆమె బొక్కెన ఎత్తబోయి బావి గట్టు దగ్గరే కూలబడింది. నాయిన ఎత్తుకుని తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. ఎత్తుకున్నప్పుడు ఆయన మొహం చూశాను. ఆ బరువు ఎంత తక్కువగా ఉందో ఆ మొహంలో తెలిసిపోయింది.

అదే మధ్యాహ్నం ఇంట్లో ఇసుర్రాయి తిరగడం మొదలైంది. బయట ఖాలమ్మ ఇచ్చినది కాదు, ఇంటి లోపలిది. అవ్వ కళ్లు తెరిచింది.

“ఏం ఇసురుతున్నరు?”

అమ్మ చెయ్యి ఆపి నాయిన వైపు చూసింది. నాయిన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“జొన్నలు” అన్నాడు.

“ఏడియి?”

“నేనే తీసిన.”

అవ్వ లేచి కూర్చుంది. అటక మీద నుంచి దిగిన కుండ నేల మీద ఉంది. పగలగొట్టిన పేడ మూత పెంకులు పక్కన ఉన్నాయి.

“విత్తనాలు తింటె మిరుగు వానకు చేన్ల ఏం అలుకుతవ్?”

“నువ్వు లేనంక అలికి ఏం జేసేదుందమ్మా?” అన్నాడు నాయిన. “అక్కను నేను చూడలే. నిన్ను చూస్తున్న.”

అవ్వ మంచం దిగింది. ఇసుర్రాయి చుట్టూ పడిన గింజలను ఒక్కొక్కటే ఏరింది. చేటలో ఉన్నవి కూడా కుండలో పోసింది. పిండైన పిడికెడు మాత్రం అమ్మ చేతిలో పెట్టి, “గిది పిల్లలకు అంబలి కాయి” అంది. పేడ తెప్పించి మూతి మళ్లీ మెత్తించింది. అప్పుడు గోడ పట్టుకుని నడిచి పెరటి గడప దాటి, పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. ఇన్నాళ్లలో ఆమె ఆ పొయ్యి ముందు కూర్చోవడం అదే మొదలు.

“గోధుమ నూకలున్నయా?” అంది.

అమ్మ గబగబా తెచ్చింది.

“బెల్లం?”

చిన్న ముక్క ఉంది. అవ్వ నూకలు పొడిగా వేయించింది. ఎర్రబడి వాసన వచ్చేదాకా చెయ్యి ఆపకుండా తిప్పింది. ఎసరు పోసి, అవి మెత్తగా ఉడికాక బెల్లం వేసింది. ఉప్పు కొద్దిగా, రెండు వేళ్ల మధ్య పట్టినంత. ఎక్కడా తడుముకోలేదు. మేం ఇన్ని రోజులుగా బంక చేసి, మాడ్చి, గోడకు కొట్టి నేర్చుకున్నదంతా ఆమె చేతికి ముందే తెలుసు. నేను అడగకుండా ఉండలేకపోయాను.

“ఎవరు నేర్పిన్రు అవ్వా?”

ఆమె కుండలోకే చూస్తూ చెప్పింది. “పటేలింట్ల పనికి పోతుంటి. ఆడ వండుతుంటే చూసిన. నా బిడ్డకు జెరం. ఏం పెట్టినా కక్కుతాంది. నాతోని వచ్చినప్పుడు గా ఇంట్ల వాసన తగిలిందట, గదే కావాలె అన్నది. ఓ పిడికెడు అడుక్కొచ్చి వండిన. గా పొద్దే పోయింది.”

దించి, పళ్లేల్లో పెట్టింది. మాకు పెట్టి తనకూ పెట్టుకుంది. మేం ఎవరం ముట్టలేదు. ఆమె ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. నాయిన ఆమె మొహమే చూస్తున్నాడు. ఏదైనా అవుతుందేమోనని నేను అమ్మ చీర కొంగు పట్టుకున్నాను.

“ఆ పొద్దు నేను నాలిక మీద ఏసుకోలే” అంది అవ్వ. “ఉన్నదే పిడికెడు. అంత దానికే పెట్టిన. రెండు ముద్దలు తిని, మంచిగున్నదమ్మా అన్నది. నన్ను సంబురపెట్టనీకె అన్నదో, నిజంగనే అన్నదో, ఇన్నేండ్లు తెల్వకపాయె నాకు.”

ఇంకో ముద్ద పెట్టుకుంది. కళ్లు తుడుచుకోలేదు, అలాగే నమిలి మింగింది.

“నిజమే చెప్పింది” అంది. పళ్లెం అమ్మ వైపు జరిపింది. “ఇంకింత పెట్టు.”